దీపావళి అడ్వాన్స్ అడిగిన ఆ వాయిస్ నోట్ గురించి మా కస్టమర్లకు

అందరికీ నమస్కారం. న్యూజెర్సీలో ఎడిసన్‌లోని మన స్వీట్లు, పచ్చళ్ల కొట్టు నుంచి రాస్తున్నాను.

గత వారం మీలో కొందరికి వాట్సాప్‌లో నా గొంతుతో ఒక వాయిస్ నోట్ వచ్చింది. "ఈసారి నెయ్యి రేటు బాగా పెరిగింది మేడమ్, దీపావళి బాక్సులకు సగం అడ్వాన్స్ ఈ రోజే పంపితే పాత రేటుకే ఇస్తాను" అని. కింద జెల్ చేయడానికి, అంటే బ్యాంకు ఖాతా నుంచి ఫోన్‌లోనే డబ్బు పంపడానికి, ఒక నంబరు. అది నేను పంపలేదు. ఆ నంబరు మాది కాదు. దీపావళి బాక్సులకు మేము ఏనాడూ అడ్వాన్స్ తీసుకోలేదు, ఈ ఏడాదీ తీసుకోవడం లేదు.

ముగ్గురు నమ్మి పంపేశారు. మొత్తం 640 డాలర్లు.

ఇక్కడ నా తప్పు ఒకటి ఉంది, అది ముందు చెప్పాలి. ఈ సంగతి నాకు సోమవారమే తెలుసు. నేను అత్తయ్యగారూ అని పిలిచే ఒక పెద్దావిడ ఆ రోజు పొద్దున్నే ఫోన్ చేసి, "ఎప్పుడూ లేనిది నన్ను మేడమ్ అన్నావేంటే?" అని అడిగారు. ఆమెకు అనుమానం వచ్చింది ఆ ఒక్క మాటతోనే. నోట్ నాకు పంపిస్తే విన్నాను. చేతులు చల్లబడిపోయాయి. నేను ఎక్కడ సాగదీస్తానో, ఎక్కడ ఊపిరి తీసుకుంటానో, అన్నీ ఉన్నాయి. నేనే ఎప్పుడో మాట్లాడి మర్చిపోయానా అనిపించింది.

మా ఆయన వెంటనే గ్రూపుల్లో పెట్టమన్నారు. నేనే వద్దన్నాను. మాకు ఏడాది వ్యాపారంలో పెద్ద భాగం ఈ నెలలోనే జరుగుతుంది. కొట్టు పేరుతో మోసం జరుగుతోందని పాకితే ఆర్డర్లు ఆగిపోతాయని భయపడ్డాను. శుక్రవారం దాకా నోరు మెదపలేదు. ఆ ముగ్గురూ డబ్బు పంపింది బుధ, గురువారాల్లో. సోమవారం నేను ఒక్క మెసేజ్ పెట్టి ఉంటే వాళ్ల డబ్బు పోయేది కాదు.

అందుకే ముగ్గురికీ ఆ మొత్తం నేనే ఇచ్చేశాను. ఒక ఆంటీ "నీ తప్పేముందమ్మా" అని వద్దన్నారు. కవరు వాళ్లింట్లో పెట్టి వచ్చాను. ఇంకో ముప్పై మందికి ఇలా జరిగితే ఇచ్చుకునే శక్తి మా కొట్టుకు లేదు. దాచకుండా ఇదంతా రాయడానికి అదీ ఒక కారణం.

నా గొంతు ఎక్కడ దొరికిందంటే, మన వీడియోల్లోనే. 2020 లాక్‌డౌన్‌లో ఊరికి వెళ్లలేని వాళ్ల కోసం ఆవకాయ కలపడం లైవ్‌లో చూపించడం మొదలుపెట్టాను కదా. ఆ వీడియోల్లో నా మాట గంటల కొద్దీ ఉంది. మూడు సెకన్ల ఇంగ్లిష్ మాట వినిపిస్తే చాలు, ఆ గొంతుతో కంప్యూటర్ కొత్త వాక్యాలు చెప్పగలదని మైక్రోసాఫ్ట్ పరిశోధకులు 2023లోనే చూపించారు. వీడియోలన్నీ తీసేయమని మా అమ్మాయి అంది. తీయలేదు. తీసుకోవాల్సినవాడు ఎప్పుడో తీసుకున్నాడు. వాటిని చూసి మొదటిసారి ఆవకాయ పెట్టుకున్నామని డల్లాస్ నుంచి, టొరంటో నుంచి ఫోన్ చేసే పిల్లలకు అవి ఉండాలి.

శుక్రవారం పోలీసులకు ఫిర్యాదు ఇచ్చాను. ఎఫ్‌బీఐ వాళ్ల ఇంటర్నెట్ నేరాల విభాగం, ఐసీ3 సైట్‌లో కూడా నమోదు చేశాను. మన కస్టమరే అయిన ఒక లాయరు గారు కూర్చోబెట్టి చట్టం సంగతి చెప్పారు. మన న్యూజెర్సీలో 2025 ఏప్రిల్ 2న అప్పటి గవర్నర్ ఫిల్ మర్ఫీ ఒక చట్టం మీద సంతకం చేశారు. ఇంకో నేరం చేయడానికో, ఒకరిని వేధించడానికో డీప్‌ఫేక్, అంటే కంప్యూటర్‌తో చేసిన నకిలీ గొంతో, బొమ్మో, వీడియోనో, తయారుచేసినా, పంచినా ఇప్పుడు అది నేరం. ఐదేళ్ల దాకా జైలు, 30,000 డాలర్ల దాకా జరిమానా. బాధితులు విడిగా సివిల్ దావా కూడా వేసుకోవచ్చు. ఈ చట్టం కోసం గట్టిగా పోరాడింది వెస్ట్‌ఫీల్డ్‌లో చదువుకునే ఒక హైస్కూల్ అమ్మాయి. 2023లో తోటి విద్యార్థినులవీ, తనవీ నకిలీ నగ్న చిత్రాలు తిరిగితే, ఆ పిల్ల నోరు మూసుకుని కూర్చోలేదు. అప్పుడు తనకు పద్నాలుగేళ్లు. నేను నాలుగు రోజులు నోరు మూసుకున్నాను. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూసుకుంటే సిగ్గేసింది.

డబ్బు పోగొట్టుకున్న ముగ్గురిలో ఒకరు డెలావేర్ నదికి అవతల పెన్సిల్వేనియాలో ఉంటారు. అక్కడ 2025 జులైలో గవర్నర్ జోష్ షాపిరో సంతకం చేసిన చట్టం ఉంది. దాన్ని డిజిటల్ ఫోర్జరీ అంటారు. మోసం చేసే ఉద్దేశంతో ఒకరి గొంతో, ముఖమో నకిలీ చేస్తే అది ఫెలొనీ, అంటే తీవ్రమైన నేరం. ఏడేళ్ల దాకా శిక్ష, 15,000 డాలర్ల దాకా జరిమానా. ఆయనా అక్కడ ఫిర్యాదు ఇచ్చారు.

ఇంత విన్నాక నాకు ధైర్యం వచ్చిన మాట నిజం. కానీ మీకు లేనిపోని ఆశ పెట్టను. దొంగ దొరికితేనే చట్టం పని. అతను ఏ దేశంలో కూర్చుని చేశాడో ఎవరికీ తెలియదు. డబ్బు కోసం బ్యాంకుకు వెళ్తే "మీ చేత్తో మీరే పంపారు కదా" అన్నారట. దొరికినా శిక్ష పడుతుందన్న హామీ లేదు. 2024 జనవరిలో న్యూ హాంప్‌షైర్ ఓటర్లకు అప్పటి అధ్యక్షుడు బైడెన్ గొంతుతో నకిలీ ఫోన్లు చేయించిన రాజకీయ కన్సల్టెంట్‌కు టెలిఫోన్ వ్యవహారాలు చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌సీసీ 60 లక్షల డాలర్ల జరిమానా వేసింది. ఆ ఫోన్లు చేయించింది తనేనని అతను దాచలేదు. అయినా ఓటర్లను అడ్డుకున్నాడనీ, అభ్యర్థిలా నటించాడనీ రాష్ట్రం పెట్టిన కేసులో 2025 జూన్‌లో జ్యూరీ అతన్ని నిర్దోషి అంది.

మన అమ్మానాన్నల గురించి ఒక మాట. మీలో చాలామంది పెద్దవాళ్లు గుంటూరులోనో, హైదరాబాద్‌లోనో ఒంటరిగా ఉన్నారు. మీ గొంతుతో వాళ్లకు ఫోన్ వెళ్లడం కష్టమైన పనేం కాదు. 2023లో కోళికోడ్‌లో రిటైరైన ఒకాయనకు పాత సహోద్యోగి ముఖంతో వీడియో కాల్ వచ్చింది. ఆసుపత్రి ఖర్చని అడిగితే 40,000 రూపాయలు పంపారు. అనుమానం వచ్చి వెంటనే ఫిర్యాదు చేయడంతో ఆ డబ్బు చేరిన ఖాతాను పోలీసులు స్తంభింపజేయగలిగారు. ఇండియాలో ఉన్నవాళ్లు ఇలా మోసపోతే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, అదీ గంటల్లో. ఈ రాత్రి మాట్లాడినప్పుడు వాళ్లకు ఇది చెప్పండి. ఇంట్లోవాళ్లకు మాత్రమే తెలిసిన ఒక మాట అనుకుని పెట్టుకోండి. మేము మా నాన్నగారితో మా పాత ఆవు పేరు అనుకున్నాం.

కొట్టు విషయానికొస్తే, ఇకనుంచి వాయిస్ నోట్ల మీద ఆర్డర్లు తీసుకోను, నేనూ వాయిస్ నోట్లు పంపను. డబ్బు అడుగుతూ మా నుంచి మెసేజ్ రాదు. వస్తే అది మేము కాదు. మీ పాత రసీదు మీద ఉన్న నంబరుకు మీరే ఫోన్ చేయండి, లేదా కొట్టుకు రండి. డబ్బు బాక్సు తీసుకెళ్లేటప్పుడు ఇస్తే చాలు. గొంతు నాదే అనిపించినా సరే, మిమ్మల్ని పిలిచే తీరు తేడాగా ఉంటే ఫోన్ పెట్టేయండి, నేనేమీ అనుకోను.

ఆ వాయిస్ నోట్ మీ ఫోన్లో ఉంటే దయచేసి డిలీట్ చేయకండి. ఏ నంబరు నుంచి ఎప్పుడు వచ్చిందో పోలీసులకు కావాలి. ఫోన్ తీసుకుని రండి. మంగళవారం తప్ప రోజూ రాత్రి ఎనిమిది దాకా కొట్లోనే ఉంటాను. డబ్బు పంపి, ఎవరికీ చెప్పుకోలేక ఊరుకున్నవాళ్లు ఇంకెవరైనా ఉంటే, మీరూ రండి. కలిసి ఫిర్యాదు రాద్దాం.