కొనే వైపు నుంచి మొదలుపెట్టు

బిడ్డా,

నీ ఉత్తరం అందింది. హన్మకొండకు వచ్చి పాత వస్తువుల దుకాణం పెడతానన్నావు. నీ ఉద్యోగం ఏమవుతుందోనని మీ అమ్మ దిగులు పడుతోంది కానీ నాకు మాత్రం సంతోషంగా ఉంది. చిన్నప్పటి నుంచి నిజాం నాణేలు, అడకత్తెరలు, మానికలు, తాళంకప్పలు ఏరి సందూక నింపుకున్నదానివి. ఆ పని నీకు అన్నం పెడితే నాకు అంతకంటే కావలసింది లేదు.

అమ్మడం నేను నీకు నేర్పనక్కర్లేదు. ఇన్నేళ్లు ఇత్తడి సామాన్ల దుకాణంలో కూర్చున్నవాణ్ణి కాబట్టి కొనడం గురించి చెబుతాను. స్టీలు వచ్చిన కొత్తలో ఊళ్లలోని గంగాళాలు, గుండిగలు, మరచెంబులు తూకానికి వచ్చేవి. తెచ్చినవాళ్లు బదులుగా స్టీలు గిన్నెలు పట్టుకెళ్లేవారు. తాతల నాటి చేతి పనికీ నిరుడు కొన్న బిందెకూ కిలో ధర ఒక్కటే. పల్లెల్లో చాలామందికి ఇప్పటికీ తెలిసిన లెక్క అదే. రేపు పరకాలలోనో వర్ధన్నపేటలోనో ఒక పెద్దామె తన అత్తగారి పాన్‌దాన్ తెచ్చి, కిలోకు ఎంతిస్తావని నిన్ను అడుగుతుంది. తూకం ధర చేతిలో పెట్టి పదింతలకు అమ్ముకుంటే నిన్ను అడిగేవారు ఉండరు. నా లెక్కలో మాత్రం అది దోపిడీయే. అది బజారులో ఎంత పలుకుతుందో ఆమెకు చెప్పు. నీ ఖర్చూ లాభమూ తీసుకుని మిగతాది ఆమెకివ్వు. చేతిలో అంత డబ్బు లేకపోతే వస్తువును ఆమె పేరునే దుకాణంలో ఉంచి, అమ్ముడుపోయాక కమీషన్ తీసుకో. ఈ సరుకు టోకు బజారులో దొరకదు, ఒక్కొక్కటీ ఒక్కో ఇంటి అటక మీద నుంచి దిగాలి. నీ మాట మీద గురి కుదిరితేనే పక్కింటివాళ్లు కూడా అటక చూపిస్తారు.

కొన్న రోజే రిజిస్టరులో రాసుకో. ఏ ఊరు, ఎవరి ఇల్లు, ఎన్ని తరాల నుంచి ఉంది, దేనికి వాడేవారు, ఎంతకు కొన్నావు, అన్నీ ఉండాలి. పక్కన ఫోటో అంటించు. రిజిస్టరు నీ చాదస్తపు తండ్రి కోరిక మాత్రమే కాదు, చట్టం కూడా అడుగుతుంది. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన నాణెం, శిల్పం, చిత్రం, చేతిపని వస్తువు పురావస్తువు కిందికి వస్తాయి. చారిత్రక విలువ గల రాతప్రతికైతే డెబ్బై అయిదేళ్లు చాలు. వాటితో వ్యాపారం చేయాలంటే లైసెన్సు కావాలి. విదేశాలకు పంపడం ప్రైవేటు వ్యక్తులకు నిషేధం, పంపితే జైలే. అమెరికాలో ఉన్న నీ స్నేహితులు ఎంత అడిగినా ఈ విషయంలో మెత్తబడకు.

నీ నాణేల సంగతే చూడు. చివరి నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ గద్దెనెక్కింది 1911లో. ఆయన తొలి ఏళ్ల రూపాయలు నూరేళ్లు దాటేశాయి, 1940ల నాటివి ఇంకా దాటలేదు. నాణెం మీద ఉండేది హిజ్రీ సంవత్సరం. 1343 అని ఉంటే అది 1924–25 నాటిదన్నమాట. సందూకలో ఉన్నవన్నీ ఇలా లెక్కకట్టి, నూరేళ్లు దాటినవి విడిగా పెట్టు. లైసెన్సు చేతికొచ్చేదాకా ఆ మూట విప్పవద్దు. రేడియోలు, లాంతర్లు, గడియారాల వంటి తర్వాతి కాలపు సామానుతో దుకాణం తెరువు.

రాతి విగ్రహాల జోలికి అసలే పోవద్దు. కాకతీయుల శిల్పాలు మన చుట్టుపక్కల చెరువు కట్టల మీద, చేను గట్ల మీద కూడా కనిపిస్తాయి. పొలం దున్నుతుంటే దొరికిందని ఎవరైనా తెస్తే ముట్టుకోకు, అధికారులకు అప్పగించమని చెప్పు. అది ఊరి సొత్తు. అలాగే పటం కథలు చెప్పే కుటుంబాల దగ్గర పాత చేర్యాల పటం, అంటే కథంతా బొమ్మలుగా రాసిన బట్ట, చూస్తే నీ మనసు ఆగదని నాకు తెలుసు. అది వాళ్ల బతుకుదెరువు. వాళ్లే అమ్ముతామన్నా, ఆ పటాలు రాసే నకాషీల చేత కొత్త పటం రాయించుకోవడానికి సరిపడా డబ్బు ఇవ్వగలిగినప్పుడే కొను.

ఇంకొకటి, చింతపండు పెట్టి దేన్నీ తోమకు. వంటింటి బిందెకు అది మంచిదే కానీ పాత నాణేన్ని తళతళలాడిస్తే తెలిసినవాడు సగం ధర కూడా ఇవ్వడు. సొట్టలు తీయించాలంటే పెంబర్తికి తీసుకెళ్లు. ఇత్తడి రేకును వెనుక నుంచి కొట్టి బొమ్మ తేల్చే చేతులు అక్కడ ఇప్పటికీ ఉన్నాయి. వాళ్ల కొత్త పని కూడా నీ దుకాణంలో పెట్టు, చాలా అందంగా ఉంటుంది. కొత్తదని చీటీ మీద రాసి మరీ అమ్ము. యాసిడ్ పూసి కొత్త ఇత్తడిని పాతదిగా చూపించేవాళ్లు ఈ వ్యాపారంలో ఉన్నారు, వాళ్ల సరుకు మన గడప తొక్కకూడదు.

దుకాణం అడ్వాన్సు నేను కడతాను. సరుకు మీద పెట్టే డబ్బు మాత్రం నీ సంపాదనలోదే కావాలి, అప్పు తేవద్దు. పాత వస్తువు కొనేవాడు ఎప్పుడొస్తాడో చెప్పలేం, వడ్డీ మాత్రం నెల నెలా వస్తుంది. లైసెన్సు వచ్చేదాకా ఉద్యోగం వదలకు, మీ అమ్మకూ అంతవరకు ఊరట. వచ్చే వారం జనగామ వెళ్తున్నాను. అక్కడి నుంచి పెంబర్తికి కూడా వెళ్లి మరమ్మతు కూలి ఎంతో కనుక్కుని రాస్తాను. నువ్వు ఈలోగా నాణేల లెక్క పూర్తి చేసి ఆ జాబితా పంపు.

మీ నాన్న