పొదుగు చూడాల్సింది ఈనిన రోజున

సంపాదకుడు గారికి,

పొదుగు గురించి మీ పశుపోషణ పేజీలో ఎప్పుడు చదివినా పాడి ఆవు సంగతే. ఎన్ని లీటర్లు ఇస్తుంది, పాలు తీసే మెషిన్ సరిగ్గా పడుతుందా లేదా, అంతే. మాంసం కోసం పెంచే జాతుల ఊసే ఉండదు. వాటి పాలు పిండం కదా, ఇక పొదుగుతో పనేముంది అనుకుంటారు కాబోలు. పాడి ఆవు చన్ను వంకరగా ఉంటే రోజుకు రెండుసార్లు సర్దుకోడానికి మనిషి ఉంటాడు. ఇక్కడ ఉండేది ఇంకా తడి ఆరని, కాళ్లు నిలవని దూడ ఒక్కటే.

మా మందలో ఆరో ఈత ఆవు ఒకటి ఉంది. మంచి ఒళ్లు, దూడంటే ప్రాణం, ఏ వంకా పెట్టలేం. మొన్న ఈనినప్పుడు చూస్తే పొదుగు వెనక్కాలి కీలు కంటే కిందికి జారి ఉంది, ముందు చన్నులు రెండూ సీసాల్లా ఉబ్బి ఉన్నాయి. దూడ లేచి తల్లి ముందుకాళ్ల సందులో వెతికింది, పొట్ట కింద తోలు చీకింది, తొడ నాకింది. చన్ను పైనెక్కడో ఉంటుందని దాని పుట్టుబుద్ధి, అదేమో కింద బురదకి జానెడు ఎత్తులో ఉంది. తీరా దొరికాక నోట్లో పట్టలేదు. నేను మోకాళ్ల మీద కూర్చుని, ఆ చన్ను కొంచెం పిండి మెత్తబరిచి, దూడకి ముందు వేలు అందించి, అది చప్పరించడం మొదలుపెట్టాక వేలు పక్కనుంచి చన్ను దూర్చేసరికి రెండు గంటలు దాటింది. మధ్యలో ఆవు నన్నొక తన్ను తన్నింది, అది వేరే కథ.

ఇంత టెన్షన్ ఎందుకంటే, కడుపులో ఉండగా తల్లి యాంటీబాడీలు, అంటే రోగాల నుంచి కాపాడేవి, మాయ దాటి దూడకి రావు. వచ్చేదంతా ముర్రుపాలతోనే. దూడ పేగులు వాటిని లోపలికి తీసుకునే గుణం పుట్టినప్పటి నుంచి గంటగంటకీ తగ్గిపోయి, 24 గంటలయ్యేసరికి దాదాపు ఆగిపోతుంది. ఆ మర్నాడు ఎన్ని పాలు తాగినా కడుపు నిండుతుందే తప్ప ఆ రక్షణ రాదు.

అదనపు చన్నుల గురించి మాత్రం అందరూ అడుగుతారు, ఐదోది కనిపిస్తే చాలు కంగారు పడిపోతారు. ఎక్కువగా అవి వెనక చన్నుల వెనకాల పులిపిరిలా ఉంటాయి, ఒక్కోసారి ముందు వెనక చన్నుల మధ్య వస్తాయి, ఇంకోసారి అసలు చన్నుకే అతుక్కుని ఉంటాయి. వెనకాల ఉన్న చిన్నదాని కోసం నేను మంచి ఆవుని వదులుకోను. అసలు చన్నుల మధ్య ఉన్నదానితోనే చిక్కు, దూడ దాన్నే పట్టుకుని చీకుతూ కూర్చుంటుంది. లోపల చిన్న పాలగ్రంథి ఉంటే పొదుగువాపు భయమూ ఉంది. తీయించేదేదో పెయ్యదూడ చిన్నగా ఉన్నప్పుడే, ఈగల కాలం కాకుండా చూసి, పశువైద్యుడితో మత్తు ఇప్పించి తీయించాలి. కత్తెర పట్టుకుని సొంత వైద్యానికి దిగేవాళ్లకి ఒక్క మాట: అంత చిన్న దూడలో ఏది అసలుదో ఏది కాదో తేల్చుకోవడం అనుకున్నంత తేలిక కాదు. పొదుగులో నాలుగు భాగాలూ వేటికవే, ఒకదాని పాలు ఇంకోదానిలోకి రావు, కాబట్టి పొరపాటున అసలు చన్ను తెగితే ఆ భాగం రేపు దానికి పుట్టే దూడలకి ఎప్పటికీ పనికిరాదు. అతుక్కున్నదాన్ని కోస్తే అసలు చన్నుకే చిల్లు పడొచ్చు.

పైగా ఇది వంశంలో వచ్చే లక్షణం, కోసినంత మాత్రాన దాని దూడలకి రాకుండా పోదు. జారే పొదుగూ, లావు చన్నులూ కొంతవరకు అంతే. అందుకే ఆబోతుని కొనేటప్పుడు దాని తల్లిని చూపించమంటాను, అదీ తొలి ఈతలో తీసిన ఫొటో కాదు, నాలుగైదు ఈతలు అయ్యాక ఎలా ఉందో. తొలిచూలు ఆవుల పొదుగు చాలావరకు ముచ్చటగానే ఉంటుంది. ఆబోతుకీ వృషణాల సంచి ముందు చిన్న చన్నులుంటాయి, వంగి చూసేవాళ్లు ఎందరో మరి!

అమెరికాలో మాంసం పశువుల మెరుగుదల కోసం ఉన్న బీఫ్ ఇంప్రూవ్‌మెంట్ ఫెడరేషన్ వాళ్లకి ఒక మార్కుల పద్ధతి ఉంది. పొదుగు బిగువుకి, చన్నుల సైజుకి విడివిడిగా 1 నుంచి 9 దాకా వేస్తారు. బాగా జారిపోయి చన్నులు ఉబ్బితే 1, బిగువుగా ఉండి చన్నులు చాలా చిన్నవైతే 9. ఈనిన 24 గంటల్లోపే చూడాలి, నాలుగు భాగాల్లో ఏది అధ్వానంగా ఉంటే మార్కు దానికే. నాకు నచ్చింది ఈ రెండు షరతులే. ఆర్నెల్లు పోయాక పొదుగు సగానికి తగ్గుతుంది, మన కోపమూ తగ్గుతుంది, అదే ఆవుని మళ్లీ చూలు కట్టిస్తాం. నేనూ ఆ ఆరో ఈత ఆవు విషయంలో రెండుసార్లు అదే చేశాను.

కాబట్టి దూడ తాగే ఆవుల పొదుగు మీద ఒక వారం మీ పేజీ కేటాయించండి. ఫొటోలు మాత్రం ఈనిన రోజు తీసినవే వేయండి.

ఇట్లు,
ఒక పశుపోషకుడు