అటక మీద దొరికిన దీపావళి సంచిక

అనంతపురం
దీపావళి ముందురోజు

సీనా,

ఏమప్పా, పూనాలో బాగున్నావా? ఫోన్ చేస్తే సరిపోయే సంగతే, కానీ ఫోన్‌లో నన్ను మాట్లాడనియ్యవు. మధ్యలో బాపు అంటావు, అంతటితో నా మాట అయిపోతుంది. అందుకే ఉత్తరం.

మొన్న సున్నం కొట్టించాలని అటక ఖాళీ చేస్తుంటే గోనెసంచిలో మన పాత పత్రికల కట్ట దొరికింది. చెరి సగం డబ్బులేసుకొని కొన్నవి, మీ ఇంట్లో చెదలని మా ఇంటికి చేర్చినవి. మా ఇంట్లో చెదలు లేవు గానీ ఎలుకలున్నాయి. సగం కట్ట పిండి చేసిపెట్టాయి. మిగిలినవాటిలో ఒక దీపావళి ప్రత్యేక సంచిక ఉంది. అట్ట ఊడిపోయింది, ఏ పత్రికో, ఏ ఏడో తెలియదు. మధ్యలో నలుపు తెలుపులో బొమ్మల కథ. వేసినాయన సంతకం ఉండాల్సిన మూల కూడా ఎలుకే తినింది. నేను నిచ్చెన మీదే కూర్చొని చూస్తూ ఉండిపోయాను. సున్నం వాళ్లు రెండుసార్లు టీ తాగి వెళ్లిపోయారు. మీ చెల్లెలు అన్న మాటలు ఇక్కడ రాయను.

కథ మామూలే. టపాకాయలకు డబ్బుల్లేని పిల్లోడు, ఎదురింటి షావుకారు, ఆఖర్లో మంచి బుద్ధి. అప్పట్లో రెండు నిమిషాల్లో చదివి పారేసి ఉంటాం. కానీ బొమ్మలు చూడరా! మొదటి గడిలో వీధి. అరుగు మీద ముసలమ్మ వత్తులు చేస్తోంది, తొడ మీద చీర కొంచెం పైకి జరిపి మరీ. కరెంటు తీగకు చిక్కుకున్న గాలిపటం తోక మాత్రమే మిగిలింది. మిషన్ కుట్టే ఆయన షాపులో, పండగ రేపనగా, చేతులు కుట్టని చొక్కాలు ఎన్ని వేలాడుతున్నాయో! మన పాతూరు టైలర్లే గుర్తొచ్చారు.

ఇంక దీపాల సంగతి. రాత్రి వీధి కాబట్టి గడి మొత్తం నల్లసిరా పూసేశాడు. మరి దీపాలో? అవి గీయనే లేదు. సిరా తగలకుండా వదిలేసిన కాగితమే దీపం. ప్రమిద పైన గోరంత తెలుపు, దాని చుట్టూ సన్నగీతలు. దూరం పోయేకొద్దీ గీతలు దగ్గర దగ్గరై చీకట్లో కలిసిపోతాయి. ఆ కాగితం చూస్తే ఒట్టి న్యూస్‌ప్రింట్, సిరా పీల్చుకునే రకం. పెద్దగా వేసిన బొమ్మను తగ్గించి అచ్చేస్తారు కదా, గీతలు మరీ దగ్గరగా ఉంటే అచ్చులో అలుక్కుపోయి మసిగుడ్డలా తయారవుతుంది. ఎంత తగ్గుతుందో, ఎంత అలుక్కుంటుందో ముందే లెక్కేసుకొని పాళీ పట్టాడన్నమాట.

ధర్మవరం దగ్గర నిమ్మలకుంటకు తోలుబొమ్మలు చూడ్డానికి పోయాం, గుర్తుందా? ఒక పెద్దాయన మేకతోలు మీద చిన్న ఉలితో తూట్లు కొడుతూ రావణుడికి నగలు పెడుతున్నాడు. వెనక దీపం పెడితే మెరిసేది ఆ తూట్లే. ఈయన చేసిన పనీ అదే, కాకపోతే కాగితం మీద.

మన పాత కొట్లాట ఇప్పుడు మళ్లీ తీస్తున్నాను. నీది బాపు పార్టీ, నాది చందమామ శంకర్ పార్టీ. విక్రమార్కుడి భుజం మీద శవం, చేతిలో కత్తి, ఆ ఒక్క బొమ్మ చాలదా అని నేను. లేపాక్షి కప్పు మీద చీరల అంచులు చూసినంత సేపు ఆయన బొమ్మ చూడొచ్చని కూడా అన్నాను. "గోడలో ఇటుకలన్నీ లెక్కపెట్టి వేస్తే గొప్పా? బాపు ఒక్క గీతతో జడ వేస్తాడు" అని నువ్వు. 2020లో శంకర్ 96 ఏళ్లకు పోయినప్పుడు కూడా "పెద్దాయన ఓపికకు దండం" అన్నావే గానీ బొమ్మకు దండం పెట్టలేదు. నేనేం మర్చిపోలేదు.

ఇప్పుడు నీకు సగం మార్కులు ఇస్తున్నాను, ఎగరొద్దు. ఆ దీపాల దగ్గర చెయ్యి ఆపిన తీరు చూస్తే నీ బాపే గుర్తొచ్చాడు. కానీ షావుకారి గోడలో ఇటుకలు మాత్రం లెక్కపెట్టే వేశాడు. నేనూ లెక్కపెట్టాను. కాబట్టి మిగతా సగం నాది.

అసలు సంగతి ఇంకోటుంది. రెండో గడి నుంచి ఎద్దులబండి కింద ఒక కుక్క ఉంది. టపాకాయల మోతకు తోక కడుపు కిందికి ముడుచుకొని, చెవులు వెనక్కి పెట్టేసింది. మాటల్లో ఎక్కడా దాని ఊసే లేదు. పిల్లోడు, షావుకారు ముందు మాట్లాడుకుంటుంటే వెనక మూలలో అది చక్రం చాటుకు జరుగుతుంది, తర్వాత ముక్కు ఒక్కటే కనబడుతుంది, ఒక గడిలో అసలు లేదు. నేను పేజీలు వెనక్కి ముందుకు తిప్పి మరీ వెతికాను. ఏడో పేజీ చివర్లో అరుగు మీది ముసలమ్మ బండి వైపు వంగి ఏదో చాపుతోంది. రొట్టె ముక్కో, మరేదో.

ఎనిమిదో పేజీ లేదు. ఎలుకలు.

షావుకారికి మంచి బుద్ధి రావడం ఆ ఏడో పేజీలోనే అయిపోయింది, ఆ బెంగ లేదు. ఆ కుక్క బండి కింద నుంచి బయటికొచ్చిందా లేదా? నువ్వు నాకంటే ముందు చదివేవాడివి, ఎప్పుడూ నీ వంతే ముందు. గుర్తుంటే వెంటనే రాయి. కజ్జికాయలు కొరియర్లో పంపుతున్నాను, విరిగితే నన్ను అనొద్దు.

నీ
రాజా