ఓడిన సీజన్లను కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలోని సౌత్ కరోలినా విశ్వవిద్యాలయం మహిళల బాస్కెట్‌బాల్ జట్టు గురించి మన పత్రికల క్రీడా పుటల్లో అప్పుడప్పుడు నాలుగు వాక్యాల వార్త కనిపిస్తుంటుంది. ఆ జట్టు కోచ్ డాన్ స్టేలీ పేరు పక్కన మూడు జాతీయ టైటిళ్లు, ఒలింపిక్ స్వర్ణాలు వరసగా ఉంటాయి. వాటిలో తప్పేమీ లేదు. కానీ ఆ వరస ఒక్కటే చదివిన వారికి, గొప్ప క్రీడాకారిణి కాబట్టి గొప్ప కోచ్ అయ్యారనీ, అందులో మరెవరి పాత్రా లేదనీ అనిపిస్తుంది. డిగ్రీ కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్‌గా పనిచేసి పదవీ విరమణ చేసిన నాకు, ఆ అభిప్రాయం మన దగ్గర ఎందరో మాజీ క్రీడాకారిణులకు నష్టం చేస్తోందని గట్టి నమ్మకం. అందుకే ఈ లేఖ.

స్టేలీ 1970లో ఫిలడెల్ఫియాలో పుట్టారు. నగరం ఉత్తర భాగంలో పేదల కోసం ప్రభుత్వం కట్టించిన ఇళ్లలో, ఐదుగురు సంతానంలో చివరి పిల్లగా, మగపిల్లలతో కలిసి ఆడుతూ పెరిగారు. ఎత్తు ఐదడుగుల ఆరంగుళాలే కావడంతో బంతిని ముందుకు తీసుకెళ్లి ఎవరికి ఎప్పుడు అందించాలో నిర్ణయించే పాయింట్ గార్డ్ స్థానమే ఆమెదైంది. వర్జీనియా విశ్వవిద్యాలయం తరఫున 1990, 1991, 1992 సంవత్సరాల్లో వరసగా మూడుసార్లు జాతీయ సెమీఫైనల్స్ దాకా వెళ్లినా టైటిల్ మాత్రం దక్కలేదు. 1991 ఫైనల్‌లో టెనెసీ చేతిలో అదనపు సమయంలో 70-67తో ఓడిపోయినప్పటికీ, ఆ టోర్నీ ఉత్తమ క్రీడాకారిణిగా ఎంపికైంది ఆమే. మరుసటి ఏడాది ఒలింపిక్ జట్టులో చోటు ఇవ్వలేదు. ఆ తర్వాత 1996 అట్లాంటా, 2000 సిడ్నీ, 2004 ఏథెన్స్ క్రీడల్లో వరసగా మూడు స్వర్ణాలు గెలిచారు. ఏథెన్స్ ప్రారంభోత్సవంలో అమెరికా జెండా పట్టుకుని నడిచింది మహిళల బాస్కెట్‌బాల్ జట్టు కెప్టెన్‌గా ఉన్న స్టేలీయే.

ఇంతవరకూ అందరికీ తెలిసిన కథ. నేను చెప్పదలచుకున్నది 2000 సంవత్సరం దగ్గర మొదలవుతుంది. అప్పటికి ఆమె వయసు 30, ఆట ఇంకా మంచి ఊపు మీద ఉంది, కోచ్‌గా అనుభవం లేదు. అయినా ఆమె సొంత ఊళ్లోని టెంపుల్ విశ్వవిద్యాలయం తమ మహిళల జట్టు పగ్గాలు ఆమె చేతికి ఇచ్చింది. ఆట మానేసి రమ్మని అడగలేదు. మహిళల వృత్తి లీగ్ డబ్ల్యూఎన్‌బీఏ వేసవిలో జరుగుతుంది, కాలేజీ సీజన్ నవంబరు నుంచి మార్చి దాకా నడుస్తుంది. ఆమె వేసవి అంతా ముందు షార్లట్ స్టింగ్, చివర్లో హ్యూస్టన్ కామెట్స్ జట్లకు ఆడుతూ, చలికాలమంతా టెంపుల్ అమ్మాయిలకు శిక్షణ ఇస్తూ ఆరేళ్లకు పైగా రెండు పనులూ చేశారు. ఏథెన్స్‌లో జెండా పట్టుకునే నాటికి ఆమె నాలుగు కాలేజీ సీజన్లు పూర్తి చేసిన కోచ్ కూడా. అంటే క్రీడాకారిణిగా పేరు మసకబారాక, చేసేది లేక కోచింగ్‌కు వచ్చిన మనిషి కాదు. కోర్టులో మ్యాచ్ మధ్యలో తీసుకునే నిర్ణయాలు ఒంట్లో ఇంకా తాజాగా ఉన్నప్పుడే, వాటిని మరొకరికి మాటల్లో చెప్పడం నేర్చుకునే అవకాశం ఆమెకు దొరికింది. ఆ అవకాశం విలువ నాలాంటి ఫిజికల్ డైరెక్టర్లకు బాగా తెలుసు. తాను అలవోకగా చేసే పనిని, అది చేతకాని పిల్లకు ఓపికగా విడమరచి చెప్పలేక విసుక్కున్న మంచి ఆటగాళ్లను మేము ఎందరినో చూశాం.

2008లో ఆమె సౌత్ కరోలినాకు మారారు. ఆమె తల్లి పుట్టిపెరిగిన రాష్ట్రమది. అక్కడి మొదటి సీజన్ ఫలితం మన పత్రికల్లో ఎక్కడా నాకు కనబడలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను: 10 గెలుపులు, 18 ఓటములు. సొంత కాన్ఫరెన్స్‌లో, అంటే తమ ప్రాంతపు విశ్వవిద్యాలయాల లీగ్‌లో, ఆడిన 14 మ్యాచ్‌లలో గెలిచినవి రెండు. రెండో ఏడాది కూడా ఓటములదే పైచేయి, 14-15. మూడు ఒలింపిక్ స్వర్ణాలున్న కోచ్ వరసగా రెండేళ్లు ఇలా ఓడిపోతే మన దగ్గర ఏం జరిగేదో ఊహించడం కష్టం కాదు. ఆ విశ్వవిద్యాలయం ఆమెను మార్చలేదు. జాతీయ టోర్నీలో ఆమె జట్టుకు చోటు దొరికింది 2012లో, తొలిసారి సెమీఫైనల్స్‌కు చేరింది 2015లో, తొలి టైటిల్ వచ్చింది 2017లో. తొమ్మిది సీజన్లు పట్టింది. ఈ మధ్యలో ఆమె చుట్టుపక్కల ఊళ్లలోని అమ్మాయిలను వెతికి జట్టులోకి తెచ్చారు. తర్వాతి కాలంలో ప్రపంచంలోనే మేటి క్రీడాకారిణుల్లో ఒకరైన ఏజా విల్సన్ ఆ ప్రాంతపు పిల్లే. ఖాళీ సీట్ల మధ్య ఆడిన జట్టు, కొన్నేళ్లకే మహిళల కాలేజీ బాస్కెట్‌బాల్‌లో దేశమంతటికీ ఎక్కువ ప్రేక్షకులను రప్పించే జట్టుగా మారింది.

2022లో రెండో టైటిల్ వచ్చింది. 2023లో 36 మ్యాచ్‌లు వరసగా గెలిచిన జట్టు సెమీఫైనల్‌లో ఐయోవా చేతిలో ఓడింది. ఆ ఏడాది మ్యాచ్ మొదట్లో కోర్టులోకి దిగే ఐదుగురూ వెళ్లిపోగా, కొత్తవారితో మరుసటి సీజన్‌లో 38కి 38 గెలిచి అదే ఐయోవాను ఫైనల్‌లో ఓడించారు. ఇది పేరు వల్ల వచ్చిన ఫలితం కాదు. ఇరవై నాలుగేళ్లు రోజూ ప్రాక్టీసులో నిలబడిన మనిషి పనితనం.

జాతీయ జట్టు విషయంలోనూ ఇంతే. కెప్టెన్‌గా ఏథెన్స్‌లో గెలిచిన ఆమె 2008 బీజింగ్, 2016 రియో క్రీడల్లో ఇతర కోచ్‌ల కింద సహాయకురాలిగా పనిచేశారు. 2017లో ప్రధాన కోచ్ అయ్యారు. 2021లో టోక్యో ఫైనల్‌లో జపాన్‌పై 90-75తో గెలిచి స్వర్ణం అందుకున్నారు. కెప్టెన్‌గా గెలిచిన స్వర్ణానికీ ప్రధాన కోచ్‌గా గెలిచిన స్వర్ణానికీ మధ్య 17 ఏళ్ల అంతరం ఉంది.

మరో సంగతి చెప్పాలి. టైటిల్ గెలిచిన జట్టు రింగు నుంచి వలను కత్తెరతో కోసి ముక్కలు పంచుకోవడం అక్కడి ఆచారం. 1999లో టైటిల్ గెలిచిన తొలి నల్లజాతి మహిళా కోచ్ కరోలిన్ పెక్ తన వల ముక్కను స్టేలీకి ఇచ్చి, నువ్వూ గెలిచాక తిరిగివ్వమన్నారు. 2017లో గెలిచాక స్టేలీ అంతటితో ఆగలేదు. తమ విజయపు వలను ముక్కలు చేసి, అగ్రశ్రేణి కాలేజీ జట్లకు కోచ్‌లుగా ఉన్న నల్లజాతి మహిళలందరికీ పంపారు.

ఇక మన దేశం. 19 ఏళ్లకే భారత మహిళల జట్టు కెప్టెన్ అయిన చెన్నై క్రీడాకారిణి అనిత పాల్‌దురైకి 2021లో పద్మశ్రీ వచ్చింది. దక్షిణ రైల్వేలో ఉద్యోగం చేస్తూ ఆడిన ఆమె బాలికల జట్లకు శిక్షణ కూడా ఇచ్చారు. మన సీనియర్ మహిళల జట్టుకు మాత్రం 2011లో అమెరికా నుంచి పీట్ గాడెట్‌ను, 2013లో స్పెయిన్ నుంచి ఫ్రాన్సిస్కో గార్సియాను, 2017లో సెర్బియా నుంచి జోరాన్ విసిచ్‌ను తెచ్చుకున్నాం. వారి ప్రతిభను నేను శంకించను, వారి దగ్గర మన పిల్లలు నేర్చుకున్నదీ ఉంది. కానీ వారి పక్కన ఒక మాజీ కెప్టెన్‌ను ఏళ్ల తరబడి సహాయక కోచ్‌గా కూర్చోబెట్టి, రేపటి బాధ్యతకు సిద్ధం చేసే ఏర్పాటు ఉండాలి కదా? రైల్వే ఉద్యోగం క్రీడాకారిణికి అన్నం పెడుతుంది, అది చిన్న విషయం కాదు. అయితే ఆట ముగిశాక పాటియాలా వెళ్లి కోచింగ్ డిప్లొమా చేసి వచ్చిన అమ్మాయి, ఏడాదికేడాది పొడిగించే కాంట్రాక్టు మీద, ఈసారి పతకం రాకపోతే ఏమవుతుందోనన్న బెంగతో పనిచేస్తే, పదేళ్ల పిల్లను పట్టుకుని పదేళ్ల తర్వాతి జట్టు కోసం తయారుచేసే ధైర్యం ఆమెకు ఎలా వస్తుంది?

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ క్రీడా ప్రాధికార సంస్థలకు నా విన్నపం ఒక్కటే. రాష్ట్ర జట్టుకు ఆడిన అమ్మాయిలను, వారు ఇంకా ఆడుతున్నప్పుడే, జిల్లా కేంద్రాల్లో సహాయక కోచ్‌లుగా తీసుకోండి. ఆ నియామకం కనీసం ఐదేళ్లకు ఉండాలి. మొదటి రెండేళ్ల గెలుపోటములు చూసి తీర్పు చెప్పకుండా, ఎంతమంది కొత్త పిల్లలు కోర్టుకు వచ్చారు, ఎంతమంది నిలిచారు అన్నది లెక్కగట్టాలి. మీ పత్రిక కూడా ఇలాంటి కోచ్‌ల గురించి రాసేటప్పుడు వారి 10-18 సీజన్ ఏదో వెతికి అచ్చువేస్తే, ఆ నిర్ణయాలు తీసుకునే అధికారుల చేతికి ఒక ఆధారం దొరుకుతుంది.

ఇట్లు,
విశ్రాంత ఫిజికల్ డైరెక్టర్, తెనాలి