మూడో ఫ్లోర్ మాస్టారికీ, విద్యానగర్ స్టేషన్‌లో ఆ ఇద్దరికీ

మా మూడో ఫ్లోర్ లెక్కల మాస్టారు ఈ ఆదివారం వైజాగ్‌లో వాళ్ళమ్మాయి దగ్గరికి వెళ్ళిపోతున్నారు. ఎదురుగా థాంక్స్ చెప్పబోతే గొంతు పట్టేస్తోంది, అందుకే ఇక్కడ రాస్తున్నా.

నాన్నకి అల్జీమర్స్ అని తెలిసి రెండేళ్ళు. ఆయన పుట్టింది 1948లో, సర్వధారి నామ సంవత్సరం. అరవై ఏళ్ళకి మళ్ళీ అదే పేరు తిరిగొస్తుంది కదా, 2008 సర్వధారిలో షష్టిపూర్తి, అదే ఏడాది రైల్వేలో రిటైర్మెంట్, అమ్మ కూడా అప్పటికి ఉంది. నాన్న ఆ సంవత్సరంలోనే ఉండిపోయారు, పొద్దున్నే షర్టు టక్ చేసుకుని డ్యూటీకి బయల్దేరిపోయేవారు. కిందటి సెప్టెంబర్లో నేను స్నానం చేసొచ్చేలోపు అలాగే వెళ్ళిపోయారు, విద్యానగర్ ఎమ్ఎమ్‌టీఎస్ స్టేషన్లో బెంచీ మీద కూర్చుని సికింద్రాబాద్ బండి కోసం చూస్తుంటే ఒక స్టూడెంట్ అమ్మాయి జేబులో చీటీ చూసి నాకు ఫోన్ చేసింది, నేను వెళ్ళేదాకా క్లాస్ మానుకుని పక్కనే కూర్చుంది. ఆ కంగారులో నీ పేరు కూడా అడగలేదమ్మా. బయట టీ కొట్టు అన్న నాన్నకి టీ ఇచ్చి డబ్బులు వద్దన్నాడు. మీ ఇద్దర్నీ మర్చిపోను.

ఆ సంగతి తెలిసి మాస్టారు దసరా పొద్దున్న ఏడింటికి పంచాంగం పట్టుకుని మా తలుపు కొట్టారు. అప్పట్నించి ఆర్నెల్లు, వానొచ్చినా లిఫ్ట్ ఆగిపోయినా, ఒక్కరోజు మానలేదు.

నాన్న ఒడుగు అయినప్పట్నించి సంధ్యావందనం చేస్తున్నారు. సంకల్పం, అంటే ఏ కాలంలో ఎక్కడ ఎవరు ఏం చేస్తున్నారో ముందు చెప్పుకునే మంత్రం, మొదలుపెడితే ద్వితీయ పరార్ధే, శ్వేతవరాహ కల్పే, వైవస్వత మన్వంతరే, కలియుగే, ప్రథమ పాదే అని అక్షరం పొల్లు పోదు. కల్పం అంటే బ్రహ్మకి ఒక పగలు, మనకి 432 కోట్ల సంవత్సరాలట, ఆ లెక్కన బ్రహ్మకి యాభై ఏళ్ళు నిండి యాభై ఒకటో ఏడు నడుస్తోందని మాస్టారే లెక్క కట్టి చెప్పారు. అంత పెద్ద కాలం నాన్నకి చెక్కుచెదరకుండా గుర్తుంది, "వర్తమాన వ్యావహారిక చాంద్రమానేన" దాకా వచ్చి అక్కడ ఆగిపోతారు, ఎందుకంటే అక్కణ్ణించి రోజూ మారేది. అయితే సర్వధారి అనేస్తారు, లేకపోతే చేతులు మోకాలి మీద పెట్టుకుని అలా చూస్తూ ఉండిపోతారు. దసరా రోజు మాస్టారు పక్కన కూర్చుని మెల్లిగా అందించారు, విశ్వావసు నామ సంవత్సరే, దక్షిణాయనే, శరదృతౌ, ఆశ్వయుజ మాసే, శుక్ల పక్షే, దశమ్యాం తిథౌ, గురు వాసరే. నాన్న ఒక్కొక్కటే అందుకుని, తన గోత్రం, పేరు చెప్పుకుని, ఉపాసిష్యే దాకా వెళ్ళారు. ఆరోజు డ్యూటీకి బయల్దేరలేదు.

నేను గోడకి క్యాలెండర్ పెట్టి, వైట్ బోర్డు మీద "ఇవాళ గురువారం" అని రాసి ఎన్ని చూశానో. మాస్టార్ని అడిగితే "ఒట్టి గురువారం అంటే మీ నాన్నకి ఎక్కడ పెట్టుకోవాలో తెలియట్లేదమ్మా, వరసలో చెప్తే పెట్టుకుంటున్నారు" అన్నారు.

ఈ మాట నా బుర్రలో చాలా రోజులు తిరిగింది. ఆడపిల్లని, ఎప్పుడూ పక్కన కూర్చుని పూర్తిగా వినలేదు నేను. అన్ని కోట్ల ఏళ్ళ ముందు నా ఒక్క పూట ఎంత అనుకునేదాన్ని. కానీ సంకల్పం కల్పం దగ్గర ఆగదు కదా, దిగుతూ దిగుతూ శ్రీశైలానికి వాయవ్యంగా, కృష్ణా గోదావరుల మధ్య, మన ఇంట్లోకి, ఈ వారంలోకి, ఫలానా గోత్రం ఫలానా మనిషి దగ్గరికి వచ్చి, నువ్వు ఇప్పుడు ఏం చేస్తున్నావు అన్నదాంతో ముగుస్తుంది. అదంతా విన్నాక నాన్నకి ఇడ్లీ తినిపించడం గచ్చిబౌలి బస్సు అందుకోవడానికి ముందు ముగించాల్సిన పనిలా అనిపించడం మానేసింది. కాల్స్ లేటయితే లేటయ్యాయి.

మాస్టారూ, అన్ని రోజులూ బాగుండలేదని మీకు తెలుసు, కొన్ని పొద్దుటిపూటలు నాన్న మిమ్మల్నే ఎవరు అని అడిగారు, మీరు మళ్ళీ మొదట్నించి చెప్పారు. మొన్న ఉగాదికి సంవత్సరం పేరు మారితే ఎలాగా అని నేను భయపడితే, మీరు ముందు వారం నించే "రాబోయేది పరాభవ" అని ఆయన చెవిన వేస్తూ వచ్చారు.

మీరిచ్చిన పంచాంగం చూసి ఇవాళ నేనే అందించాను. "పరాభవ నామ సంవత్సరం" అన్నాను. నాన్న కళ్ళు తెరిచి, చిన్నప్పుడు ఎక్కాలు తప్పు చదివితే చూసినట్టు చూసి, "సంవత్సరే" అని దిద్దారు.