టార్చి కాస్త పైకి కూడా వేయమనండి, మంత్రిగారూ

వైద్య, ఆరోగ్య శాఖ మంత్రిగారికి నమస్కారం.

నేను శ్రీకాకుళం జిల్లాలో ముప్పై ఏళ్లకు పైగా ఊళ్లు తిరిగే ప్రభుత్వ నర్సుగా, అంటే ఏఎన్‌ఎంగా చేసి రిటైరయ్యాను. సర్వీసులో ఎక్కువ భాగం సముద్రం ఒడ్డు ఊళ్లలోనే గడిచింది. ఇప్పుడు చేతిలో రిజిస్టరు లేదు, నెత్తిన ఆఫీసరు లేడు. అందుకే ఒక మాట నేరుగా మీకే రాస్తున్నాను.

ముప్పై ఏళ్లు దాటిన అందరికీ బీపీ, షుగరుతో పాటు నోరు కూడా చూడాలని ప్రభుత్వమే చెప్పింది. మా పిల్లలు, అంటే ఇప్పటి ఏఎన్‌ఎంలు, టార్చి వేసి బుగ్గల లోపల చూస్తారు, నాలుక ఎత్తించి చూస్తారు. గుట్కా, ఖైనీ వేసేవాళ్లకి నోటి క్యాన్సరు ఎక్కువగా అక్కడే మొదలవుతుంది కాబట్టి అది సరైన పద్ధతే. కానీ మా ఆడవాళ్లలో చాలామందికి ఆ జబ్బు పైన, అంగిలి మీద వస్తుంది. వాళ్లు తాగేది అడ్డపొగ మరి.

చుట్ట వెలిగించి, నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని పెదాలు బిగిస్తారు. అలా అయితే గాలికి ఆరదు, నుసి చీర మీద పడదు, చేతులు రెండూ ఖాళీగా ఉంటాయి. చేపలు ఎండబెడుతూ, బట్టలు ఉతుకుతూ, మనవణ్ని చంకనేసుకుని కూడా తాగుతారు. పంటి నొప్పికి మంచిదని అమ్మ నేర్పిందని చెప్పినవాళ్లూ ఉన్నారు. ఆ నిప్పు సెగంతా తగిలేది అంగిలికే.

ఇదేమీ కొత్త సంగతి కాదు. 1960లలోనే డాక్టర్లు దేశంలో ఐదు జిల్లాలు తిరిగి 50,915 మంది పల్లె జనం నోళ్లు పరీక్షించారు. అందులో 10,169 మంది మా శ్రీకాకుళం వాళ్లే. మా అడ్డపొగ అలా వైద్య పత్రికలకెక్కింది గానీ, నేను పనిచేసిన సబ్‌సెంటర్ల గోడల మీదికి మాత్రం ఒక్క బొమ్మ రాలేదు. చెవిలో నూనె పోయొద్దని, పసిబిడ్డ కంట్లో చనుబాలు పిండొద్దని ఎన్ని మీటింగులు పెట్టామో లెక్కలేదు. అడ్డపొగ మీద పెట్టినట్టు నాకు ఒక్కటీ గుర్తులేదు.

నా తప్పు కూడా చెప్పుకోవాలి. ఒక పెద్దమ్మ ఉండేది, ఎండుచేపలు అమ్మేది. ఒకరోజు ఇమ్యునైజేషన్ దగ్గరికి వచ్చి, "నోరు మంటగుంటంది బుల్లీ, కారం తగిలితే సస్తన్నాను. వేడి సేసిందేటో" అంది. నేనూ వేడే అనుకున్నాను. బి-కాంప్లెక్సు షీటు చేతిలో పెట్టి, మజ్జిగ తాగమని పంపేశాను. తర్వాత ఇంకో రెండు షీట్లు ఇచ్చాను. మూడో నెలలో ఆమె అన్నం తినలేకపోతోందని కోడలు చెబితే ఇంటికి వెళ్లాను. తల వెనక్కి వాల్చమని, స్పూను కాడతో నాలుక అదిమి, ఫోను లైటు పైకి వేశాను. అంగిలంతా నానిన తోలులా తెల్లగా, మందంగా ఉంది. దాని మీద ఆవగింజలంత ఎర్ర చుక్కలు. ఒక పక్కన రూపాయి బిళ్లంత పుండు, అంచులు గట్టిగా లేచి ఉన్నాయి.

ఆపరేషన్‌లో అంగిలి సగం తీసేశారు. ఆ ఖాళీకి ప్లేటు పెట్టారు. ప్లేటు తీస్తే తాగిన నీళ్లు ముక్కులోంచి వచ్చేవి.

ఆమెకి వచ్చింది మామూలు నోటిపూత కాదని నేను మొదటిరోజే అనుమానించాల్సింది. నోటిపూత బుగ్గ లోపల, పెదవి లోపల, నాలుక అంచున వస్తుంది, వారం పది రోజుల్లో మానుతుంది. గట్టి అంగిలి మీద రావడం అరుదు. రెండు వారాలు దాటినా మానని పుండు ఎక్కడున్నా డాక్టరుకి చూపించాల్సిందే. నొప్పి లేదు కదా అని వదలకూడదు, ఎందుకంటే క్యాన్సరు మొదట్లో చాలామందికి నొప్పే ఉండదు. తెల్ల మచ్చ కంటే ఎర్ర మచ్చ ఇంకా ప్రమాదం. ఇవన్నీ నాకు రిటైరయ్యే ముందు తెలిశాయి, అదీ ఒక డెంటల్ డాక్టరమ్మ ఓపిగ్గా చెబితే.

మీరు చేయగలిగినవి పెద్ద ఖర్చు పనులు కావు. ఇప్పటి ఫారంలో పొగ తాగుతారా, పొగాకు నములుతారా అని ఉంటుంది. అడ్డపొగా అని ఇంకో గడి పెట్టించండి. ఆ గడిలో టిక్కు పడినవాళ్లకి అయిదేళ్లకోసారి కాకుండా ఏటా అంగిలి చూడమనండి. అనుమానం వస్తే పరీక్షకి చిన్న ముక్క తీసే పని (బయాప్సీ) దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రిలోనే జరగాలి. ముక్క పాడవకుండా ఉంచే ఫార్మలిన్ సీసాలో అది ఎంత దూరమైనా వెళ్తుంది. మనిషి వెళ్లలేదు. అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, నిజమే. కానీ ఇచ్ఛాపురం నుంచి బయల్దేరిన ముసలామె రెండు జిల్లాలు దాటి, విశాఖ ఊరు కూడా దాటితే గానీ అక్కడికి చేరదు. అదీ ఇంకా జబ్బు ఉందో లేదో తెలియకముందే.

మచ్చలు కనబడి, చుట్ట మానేసినవాళ్లకి అవి తగ్గడం నేను చూశాను. అందుకే ముందుగా చూడమంటున్నాను.

ట్రైనింగులో ఇంకొకటి కూడా చెప్పించండి. "చుట్ట తాగుతావా అమ్మా?" అని అడిగితే కోడలి ముందు ఎవరూ ఒప్పుకోరు. "నేదమ్మా, ఎప్పుడో మానేసాను" అంటారు. నేను చివరి రోజుల్లో అలా అడగడం మానేశాను. పక్కన కూర్చుని, "నిప్పు ఏ పక్క ఎట్టుకుంటావు పెద్దమ్మా?" అనేదాన్ని. నవ్వేసి, నోరు తెరిచి వేలుతో చూపించేవారు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఏఎన్‌ఎం,
శ్రీకాకుళం జిల్లా