దావా వేరు, కేసు వేరు

సంపాదకుల వారికి,

నాయకులు ఒకరి మీద ఒకరు కోర్టుకెక్కినప్పుడల్లా ‘పరువు నష్టం దావాలో రెండేళ్ల జైలు’ తరహా శీర్షికలు వస్తుంటాయి. దావాలో జైలు ఉండదు. అరబ్బీలో పుట్టి, పారసీ, ఉర్దూల మీదుగా మన కోర్టు కచేరీల్లో స్థిరపడ్డ ఈ మాట సివిల్ వ్యాజ్యానికి పేరు. అక్కడ దక్కేది పరిహారం, మహా అయితే ఇకపై ఆ మాట అనకుండా ఇంజంక్షన్, అంటే కోర్టు నిషేధం. ఆ దావా కూడా ఏడాదిలోపు వేసుకోవాలి.

జైలు మాట వచ్చేది క్రిమినల్ కేసులో. 2024 జూలై 1కి ముందు భారతీయ శిక్షాస్మృతి (ఐపీసీ) 499, 500 సెక్షన్లు. ఆ తర్వాత దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 356. గరిష్ఠంగా రెండేళ్ల సాధారణ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. సమాజ సేవ విధించే వీలు కొత్తగా చేరింది. పోలీసులు తమంతట తాము కేసు కట్టే నేరం కాదిది. పరువు పోయిందనుకున్న మనిషే మేజిస్ట్రేటు దగ్గర ఫిర్యాదు వేసుకోవాలి. ఠాణాలో ‘పరువు నష్టం కేసు నమోదు’ అని రాసే ముందు విలేకరి సెక్షన్ నంబరు అడిగితే చాలు. ముఖం మీదే తిట్టి రెచ్చగొట్టిన సందర్భమైతే అది అదే సంహితలో 352వ సెక్షన్, వేరే నేరం. మూడో మనిషి చెవిన పడనిదే పరువు నష్టం కాదు. ఆ లెక్కన చట్టానికి దగ్గరగా ఉన్న తెలుగు మాట తిట్టు కాదు, చాడీ. వినేవాడు లేకుండా ఎవరూ చాడీ చెప్పరు.

ఇంగ్లిషు చట్టం రాతను లైబెల్ అనీ, నోటిమాటను స్లాండర్ అనీ విడదీస్తుంది. మొదటిది లాటిన్‌లో ‘చిన్న పుస్తకం’. రెండోదీ స్కాండల్ అన్న మాటా ఒకే మూలం నుంచి వచ్చాయి. మన శిక్షాస్మృతికి ఆ తేడా లేదు. అన్నా, రాసినా, సైగ చేసినా ఒకటే సెక్షన్.

ఇక వార్తల్లో కనిపించే ‘నీలాపనిందలు రుజువయ్యాయి’ అన్న వాక్యం. వినాయక చవితి కథ విన్నవాళ్లెవరూ ఇలా రాయకూడదు. శమంతకమణి కోసం ప్రసేనుణ్ణి కృష్ణుడే చంపాడన్నారు. చంపింది సింహం, దాన్ని చంపి మణి పట్టుకుపోయింది జాంబవంతుడు. భాగవతం లెక్కన ఇరవై ఎనిమిది రోజులు ఆయనతో పోరాడితేగానీ కృష్ణుడికి మచ్చ పోలేదు. రుజువైతే అది నీలాపనిందే కాదు. తేలనంతవరకు ‘ఆరోపణ’ అనండి. సంస్కృతంలో ఆ మాటకు ఎక్కించడమనే అర్థం; వింటికి నారి ఎక్కించడం కూడా ఆరోపణమే. నిజమో అబద్ధమో ఆ మాట తేల్చదు. ‘అభియోగం’ మాత్రం పోలీసుల అభియోగపత్రం దాకానో, కోర్టు దాకానో వెళ్లాకే వాడాలి. ప్రెస్‌మీట్‌లో ప్రత్యర్థి గుప్పించేవి అభియోగాలు కావు.

శీర్షికకు చోటు చాలదన్న ఇబ్బంది తెలిసిందే. దావా అన్నా, కేసు అన్నా రెండక్షరాలే.

ఇట్లు,
ఒక పాఠకుడు